నర్సరీకి "ప్లే వే" బోర్డు ఉంటే చాలా? తిరుపతిలో స్కూలు వెతుకుతున్నాం

మబ్బుతునక:
అందరికీ నమస్తే. మా పాపకి జూన్ నాటికి మూడున్నర వస్తాయి, మేముండేది కొర్లగుంట. ఆయన శ్రీసిటీలో చేస్తారు, తెల్లారకముందే కంపెనీ బస్సు. నాది రేణిగుంట రోడ్డులో ఆఫీసు. ఇంట్లో అత్తమ్మ ఉన్నారు గానీ ఆమెకి మోకాళ్ల నొప్పులు, ఈ పిల్ల వెనక రోజంతా పరిగెత్తలేరు. అందుకని స్కూళ్లు చూడటం మొదలుపెట్టాం. ఒకచోట నర్సరీ నుంచే నాలుగు గీతల నోట్‌బుక్కులో ఏబీసీడీలు రాయిస్తారట, శనివారం శనివారం టెస్టట. ఇంకోచోట గేటు మీద పెద్దక్షరాలతో "ప్లే వే మెథడ్" అని బోర్డు, గోడల నిండా కార్టూన్ బొమ్మలు, ఒక ప్లాస్టిక్ జారుడుబల్ల, ఫీజు మొదటిదానికి దాదాపు రెట్టింపు. ఆటలు ఎప్పుడు ఆడిస్తారండీ అని అడిగితే "లాస్ట్ పీరియడ్ మేడం" అన్నారు. మిగతా పొద్దంతా వర్క్‌షీట్లు, టీవీలో రైమ్స్. అంటే రెండింటికీ తేడా గోడల రంగేనా? ఆటతో నేర్పడం అంటే అసలు ఏంటి, చూడటానికి వెళ్లినప్పుడు నిజమైనదో కాదో ఎట్లా పట్టుకోవాలి, అట్లాంటి చోట వేస్తే ఒకటో తరగతికి వచ్చేసరికి వెనకబడిపోదా? తెలిసినవాళ్లు చెప్పండి. స్కూళ్ల పేర్లు మాత్రం రాయొద్దు, గొడవలవుతాయి.

సప్తగిరి_నాన్న:
మేడం, కోపం తెచ్చుకోవద్దు, ఆడుకోవడానికి ఫీజు కట్టడం ఎందుకు? ఆట ఇంటి ముందర ఫ్రీగానే ఉంది. మా వాడిని మూడేళ్లకే మామూలు స్కూల్లో వేశాను, ఇప్పుడు యూకేజీ, వంద వరకు రాస్తాడు, కర్సివ్ కూడా వచ్చేసింది. రేపు ఒకటో తరగతి అడ్మిషన్‌కి పోతే పిల్లాడిని కూర్చోబెట్టి చదవమంటారు, అప్పుడు "మా వాడు ఆడుకుంటూ నేర్చుకున్నాడండీ" అంటే సీటు ఇస్తారా?

పలక_బలపం:
నేను ప్రభుత్వ బడిలో చిన్న తరగతులకి చెబుతాను, తిరుపతి చుట్టుపక్కలే. సప్తగిరి గారూ, మీ బాబు వందదాకా రాయడం సంతోషమే, కానీ ఒకటి చూడండి. ఓ పదిహేడు చింతపిక్కలు కుప్పగా పోసి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పమనండి, తర్వాత అందులోంచి నాలుగు తీసి ఇప్పుడెన్ని అని అడగండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో వంద వరకు గడగడా రాసి, కుప్ప దగ్గరికి వచ్చేసరికి ఒకే పిక్కని రెండుసార్లు లెక్కపెట్టేవాళ్లు చాలామంది. రాసింది చేతికి వచ్చింది, సంఖ్య మాత్రం ఇంకా తలకి ఎక్కలేదు. మాటల్లోనూ అంతే. "నిన్న ఇంటికి ఎవరొచ్చారు, ఏం చేశారు" అంటే నాలుగు వాక్యాలు వరసగా చెప్పగలిగిన పిల్లలకి చదవడం త్వరగా పట్టుబడుతుంది. వాళ్లకి అక్షరాలు అప్పటికి సగమే వచ్చినా ఫరవాలేదు.

ఇది నా సొంత పైత్యం కాదు. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే దశ అంది, పునాది దశ అని. 2022 అక్టోబరులో ఆ దశకి విడిగా పాఠ్యప్రణాళిక చట్రం కూడా వచ్చింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి పాఠ్యపుస్తకాలే పెట్టొద్దని, ఆట, కథ, పాట, బొమ్మలు, మాటలతోనే నడపాలని, ఎనిమిదేళ్ల దాకా వీలైనంతవరకు ఇంటి భాషలోనే చెప్పాలని అందులో ఉంది. అదే ఏడాది వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ కూడా ప్రీ ప్రైమరీ పిల్లలకి బ్యాగే వద్దంది. సారీ, బ్యాగ్ పాలసీ 2020ది. మన ఊళ్లో పొద్దున ఎనిమిదిన్నరకి లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడితే ఆ కాగితం ఎంత అమలవుతోందో కనిపిస్తుందిలెండి.

కోర్టు_వీధి:
అడ్మిషన్ టెస్టు గురించి ఒక ముక్క. విద్యాహక్కు చట్టం, 2009, 13వ సెక్షన్ చదవండి. చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ ఎలాంటి పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారికీ 50,000 దాకా జరిమానా. "ఊరికే మాట్లాడిస్తామండీ" అని చేసేది కూడా దాని కిందికే వస్తుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి నడుస్తోంది, అది వేరే సంగతి.

సప్తగిరి_నాన్న:
చట్టం సరే సార్, సీటు కావాల్సింది నాకు, జరిమానా కాదు.

కోర్టు_వీధి:
హహ, అదీ నిజమే.

గుడ్డు_పాలు_కథ:
నేను అంగన్‌వాడీ టీచర్ని, చంద్రగిరి వైపు. ఇన్ని మాటల్లో మా సెంటర్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు, అలవాటైపోయింది లెండి. అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, బాలామృతం అనుకుంటారు. 1975 అక్టోబరు 2న మా సెంటర్లని నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచీ ఆరు సేవల్లో బడికి ముందరి చదువు కూడా ఒకటి. 2023లో "పోషణ్ భీ పఢాయీ భీ" (తిండీ, చదువూ రెండూ) అనే కార్యక్రమం వచ్చాక, 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఆధారశిల అని, మూడేళ్ల లోపు వాళ్లకి నవచేతన అని విడివిడిగా ప్రణాళికలు తయారుచేశారు. అందులో ఉన్నవి మాకు కొత్తేం కాదు. వారానికో అంశం తీసుకుంటాం, కూరగాయలో వానో బస్సో. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన ఆకులు, సీసా మూతలు, చింతపిక్కలు, టెంకాయ చిప్పలు రకాలుగా వేరు చేస్తారు. ఒక్క మూతల కుప్పతో రంగు, సైజు, లెక్క, ఎక్కువ తక్కువ అన్నీ అయిపోతాయి. మా పిలకాయలు మట్టితో దోసెలు పోస్తారు, ఎన్ని కావాలి అని నన్నే అడుగుతారు.

కష్టం ఎక్కడంటే, ఒక్కదాన్నే ఫోన్‌లో ఎంట్రీలు చేయాలి, తూకాలు తీయాలి, గర్భిణుల ఇళ్లకి తిరగాలి, అన్నం టైముకి పెట్టించాలి. పిల్లలతో కింద కూర్చునే టైము అందులోంచి దొంగిలించుకోవాల్సిందే. అయినా మీ కొర్లగుంటలో సెంటర్ ఉంటే ఒకసారి పోయి చూడు మబ్బుతునకా, ఇంగ్లీషు బోర్డు లేదని వదిలేయొద్దు. టీచర్ బాగుంటే బాగుంటుంది, లేకపోతే లేదు, ప్రైవేటు కూడా అంతే కదమ్మా.

పిల్లల_ఓపీ:
చిత్తూరులో పిల్లల డాక్టర్ని. రాత గురించి రెండు మాటలు చెప్పి పోతాను. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే, ఏళ్ల మీద ఒక్కొక్కటీ గట్టిపడుతూ వస్తాయి, మూడేళ్ల పిల్లల ఎక్స్‌రేలో సగం కూడా కనబడవు. ఎముకలే కాదు, వేళ్ల కండరాలు, భుజం నిలకడ కూడా రావాలి. అది వచ్చేది పిండి పిసకడం, పూసలు గుచ్చడం, కత్తెరతో కాగితం కోయడం, చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడటంతో. చెయ్యి సిద్ధం కాకముందే రోజూ రెండు పేజీలు రాయిస్తే పెన్సిల్ పిడికిట్లో పట్టుకునే అలవాటు పడుతుంది, తర్వాత మాన్పించడం కష్టం.

ఇక టీవీ రైమ్స్ సంగతి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదేళ్ల లోపు పిల్లలకి చెప్పింది ఇది: ఏడాది పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటొద్దు, తక్కువైతే ఇంకా మంచిది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం మూడు గంటలు కదులుతూ ఉండాలి, అందులో గంట బాగా పరుగులు తీయాలి, నిద్ర 10 నుంచి 13 గంటలు. స్కూల్లో గంటన్నర టీవీ రైమ్స్, ఆటోలో గంట, ఇంటికొచ్చాక ఫోన్ పెట్టి అన్నం. ఆ గంట పరుగు ఎప్పుడు తీస్తుంది పాప?

సప్తగిరి_నాన్న:
డాక్టర్ గారూ, మా వాడు అన్నం తినేది ఫోన్ చూస్తేనే. ఇంట్లో ఈ మెసేజ్ చూపిస్తే యుద్ధమే.
సరే, ఒప్పుకుందాం. కానీ ఆటతో పెరిగిన పిల్లలు తర్వాత బాగుపడ్డారని రుజువుందా, లేక అంతా థియరీయేనా?

హోంసైన్స్_హాస్టల్:
ఉంది అంకుల్. పద్మావతి మహిళా వర్సిటీలో చదువుతున్నాను, ఇది మాకు పాఠమే. అమెరికాలో మిషిగన్‌లోని ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962లో పెర్రీ ప్రీస్కూల్ ప్రాజెక్టు మొదలైంది. పేద కుటుంబాల పిల్లలు 123 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకే ప్రీస్కూల్ ఇచ్చి, నలభై ఏళ్లు వచ్చేదాకా వెంటపడి చూశారు. ఐక్యూలో వచ్చిన తేడా కొన్నేళ్లకే కరిగిపోయింది, కానీ పెద్దయ్యాక ప్రీస్కూల్‌కి పోయినవాళ్ల సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. మీరు అడిగినదానికి ఇంకా దగ్గరిది, అదే బృందం 1967లో మొదలుపెట్టినది. 68 మంది పిల్లలకి మూడు పద్ధతులు: ఒకదాంట్లో టీచర్ చెప్పి, అప్పజెప్పించుకునే నేరు బోధన, మిగతా రెండింట్లో పిల్లలు తమంతట తాము మొదలుపెట్టే ఆటకి చోటు. మొదట్లో మార్కుల్లో నేరు బోధన పిల్లలు ముందున్నారు, తర్వాత ఆ తేడా పోయింది. ఇరవై మూడేళ్ల వయసుకి చూస్తే పోలీసు కేసులు, మనసుకి సంబంధించిన ఇబ్బందులు వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి.

చిన్న గుంపు కాబట్టి దాన్ని వేదవాక్కు చేయకూడదని మా మేడం గట్టిగా చెబుతారు. పెర్రీలో శిక్షణ ఉన్న టీచర్లు, ఒక్కొక్కరికి ఐదారుగురు పిల్లలు, వారం వారం ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడటం, ఇవన్నీ ఉన్నాయి. జారుడుబల్ల కొనేసి పెర్రీ ఫలితాలు కావాలంటే రావు.

మదనపల్లె_టమాటా:
దూరం ఎందుకు, మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది కదా రిషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లెకి దగ్గర్లోనే, ఇప్పుడు అన్నమయ్య జిల్లాలోకి పోయిందనుకోండి. ఫీజులు కట్టే ఆ పెద్ద బడి సంగతి కాదు నేను చెప్పేది, దాని చుట్టూ పల్లెల్లో వాళ్లు నడిపిన చిన్న బడుల సంగతి. ఒకే గది, ఒకే టీచరు, రకరకాల వయసుల పిల్లలు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలాగా ఒక పటం పెట్టారు. పిల్ల తన మెట్టు తనే చూసుకుని కార్డు తీసుకుని చేసుకుంటుంది, ఎవరి వేగం వాళ్లది. కర్ణాటకలో నలి కలి, తమిళనాడులో కార్యకలాపాల పద్ధతి, వీటికి దారి చూపింది ఈ పల్లె బడులే. పక్క రాష్ట్రాల వాళ్లు మన దగ్గర నేర్చుకుని పోయారు, మనం మాత్రం ఇంకా నాలుగు గీతల్లోనే ఉన్నాం.

చిన్న_కరస్పాండెంట్:
నేను చిత్తూరులో చిన్న స్కూలు నడుపుతున్నాను, నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా. అందరూ స్కూళ్లని తిడుతున్నారు కాబట్టి మా వైపు నుంచి కూడా వినండి. ఒక ఏడాది ఎల్‌కేజీలో రాత తగ్గించి ఇసుక, నీళ్లు, బ్లాకులు, కథలు పెట్టాం. దసరా సెలవుల్లోపే పేరెంట్స్ వచ్చేశారు, నోట్‌బుక్ ఖాళీగా ఉంది, డబ్బులు ఎందుకు తీసుకుంటున్నారని. పక్కింటి పిల్ల సెంటెన్సులు రాస్తోంది, మాది ఇసుకలో ఉందట. కొంతమంది టీసీ తీసుకుని వెళ్లిపోయారు కూడా. ఇంకొక సంగతి, ఆటతో నేర్పడానికి మామూలు టీచర్ కంటే తెలివైన టీచర్ కావాలి, ఆ టీచర్‌కి మేమిచ్చే జీతం తక్కువ, నేర్చుకుని పట్టుబడేసరికి ఇంకోచోటికి పోతుంది. 2013 జాతీయ ప్రమాణాల ప్రకారం మూడేళ్లు దాటిన పిల్లలు ఇరవై మందికి ఒక పెద్దమనిషి ఉండాలి, మూడేళ్ల లోపయితే పదిమందికి ఒకరు. ముప్ఫై మంది పిల్లలకి 35 చదరపు మీటర్ల గది, బయట ఇంకో 30 చదరపు మీటర్ల స్థలం. అద్దె ఇంట్లో నడిపేవాళ్లకి ఇవి ఎంత కష్టమో లెక్క వేయండి. కష్టం కాబట్టి వద్దనడం లేదు. మీరు అడగడం మార్చితే మేము అమ్మేది మారుతుంది.

పలక_బలపం:
కరస్పాండెంట్ గారు నిజం ఒప్పుకున్నారు, సంతోషం.

తొక్కుడుబిళ్ళ:
మాంటిస్సోరి పద్ధతి గురించి ఎవరూ రాయలేదు. దాన్ని మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, అడయార్ దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకి శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఇండియాలోనే ఉండిపోయింది. మనకి నాలుగు గంటల దూరంలో జరిగిన సంగతి. మా పెద్దాడిని అట్లాంటి చోటే చదివించాం, మంచిదే, కానీ దాన్ని "ఆట బడి" అనుకుని చేర్పిస్తే ఆశ్చర్యపోతారు. అక్కడ పిల్లలు చేసేదాన్ని పని అంటారు: నీళ్లు ఒంపడం, గుండీలు పెట్టడం, పప్పులు వేరు చేయడం, మధ్యలో ఎవరూ కదిలించకుండా మూడు గంటలు. మూడేళ్ల వాళ్లూ ఆరేళ్ల వాళ్లూ ఒకే గదిలో. ఊహాలోకపు ఆటకి చోటు తక్కువ. ఇంకో హెచ్చరిక: ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. టీచర్ ఎక్కడ శిక్షణ పొందిందో, ఎన్నాళ్లు పొందిందో అడగండి. "ఆన్‌లైన్‌లో వీకెండ్ కోర్సు" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

కాణిపాకం_తాత:
ఏం నాయనా, ఇన్ని సర్వేలు ఎందుకు? మా కాలంలో వామనగుంటలు, అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు, గోళీలు, ఇవే బడి. వామనగుంటల్లో అవ్వని ఓడించాలంటే ఏ గుంటలో ఎన్ని గింజలుండాయో ముందుగానే లెక్కేసుకోవాల, లెక్కలు అట్లా వచ్చినాయి మాకు. ఆ మబ్బుతునక తల్లీ, మీ అత్తగారికి మోకాళ్లు నొప్పులంటివి కదా, మంచం మీద కూర్చుని ఆడే ఆటలు ఎన్ని లేవు? పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పమను, చిక్కుడుకాయలు ఒలవమను. అదీ చదువే.

హోంసైన్స్_హాస్టల్:
తాతగారూ, మీరు సరదాగా అన్నారు గానీ మా పరీక్షలో ఇదే రాస్తే మార్కులు పడతాయి.

సప్తగిరి_నాన్న:
పలక_బలపం గారూ, చింతపిక్కల పరీక్ష మా వాడికి పెట్టాను. ఫలితం ఇక్కడ రాయను. ఇప్పుడు సూటిగా చెప్పండి, స్కూల్లోకి వెళ్లి నిలబడితే ఏం చూడాలి?

పలక_బలపం:
రాయకపోయినా అర్థమైంది సార్. పాస్ అయ్యుంటే రాసేవారు.

ముందు, ఎప్పుడు వెళ్లాలో చెబుతాను. ఆదివారం ఓపెన్ హౌస్‌కి కాదు, మామూలు రోజు పదిన్నర పదకొండు మధ్య వెళ్లండి, పిల్లలు గదిలో ఉన్నప్పుడు చూడనివ్వమనండి. చూడనివ్వకపోతే అక్కడితో ఒక సమాధానం దొరికినట్టే. గోడలు చూడొద్దు, గోడ మీద ఉన్న బొమ్మలు మాత్రం చూడండి: ముప్ఫై ఆపిళ్లూ ఒకేలా ఎర్రగా గీత దాటకుండా ఉంటే అవి టీచర్ వేసినవి. తర్వాత చెవులు పెట్టండి. గదిలో ఎవరి గొంతు ఎక్కువ వినిపిస్తోంది? టీచర్ "కూర్చో, నోటి మీద వేలు" అంటూ ఉందా, లేక పిల్లల్ని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతోందా? ఆగడం అనేది చాలా పెద్ద విషయం. మూడేళ్ల పిల్ల మాట వెతుక్కోవడానికి టైం పడుతుంది, మనం ఆగలేక మనమే చెప్పేస్తాం.

ఆట అంటే వదిలేయడం కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక ఉదాహరణ చెబుతాను. మా పిల్లలు ఒకరోజు వాళ్లంతట వాళ్లే లడ్డు కౌంటర్ ఆట మొదలుపెట్టారు, తిరుపతి పిల్లలు కదా. బెంచీ అడ్డం పెట్టి, మట్టి ఉండలు చేసి, క్యూ కట్టి, ఒకడు సెక్యూరిటీ గార్డు అయ్యి అందర్నీ తోస్తున్నాడు. నేను ఆపి పాఠం చెప్పొచ్చు, లేదా కాపీలు దిద్దుకుంటూ కూర్చోవచ్చు. రెండూ చేయలేదు, నేనూ క్యూలో నిలబడ్డాను. నాకు నాలుగు కావాలి, టోకెన్ ఏదీ అన్నాను. టోకెన్ లేదని తెలిసి కాగితాలు చింపి గీతలు గీశారు, నాలుగు గీతలు అంటే నాలుగు లడ్లు. ఒకమ్మాయి వాళ్ల పేరులో మొదటి అక్షరం వేసింది, ఇంకొకడు అది చూసి తనదీ వేయించుకున్నాడు. ఉండలు అయిపోయాయి, క్యూలో ఇంకా ముగ్గురున్నారు, ఏం చేద్దాం అని అడిగితే పెద్ద చర్చ జరిగి, సగం సగం చేశారు. లెక్క, రాత, పంచుకోవడం, వరస, కోపం ఆపుకోవడం అన్నీ దాంట్లో ఉన్నాయి. నేను వేసింది రెండు మూడు ప్రశ్నలే, అవి ఎప్పుడు వేయాలో తెలియడమే మా పని. మీరు చూసే స్కూల్లో టీచర్ పిల్లల ఆటలోకి ఎప్పుడైనా అడుగుపెడుతోందా, నేల మీద కూర్చుంటోందా చూడండి.

ఇంకా: బొమ్మలు పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా. పిల్ల ఏడిస్తే ఎవరు, ఎంతసేపట్లో ఎత్తుకుంటున్నారు. కిందటేడు ఉన్న టీచర్లు, ఆయాలు ఈ ఏడాదీ ఉన్నారా. చివరిది నాకు మిగతా అన్నింటికంటే ముఖ్యం, ఆ వయసు పిల్లలు మనిషిని పట్టుకుని నేర్చుకుంటారు, ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారితే ఏ పద్ధతైనా దండగే.

పిల్లల_ఓపీ:
బాత్రూమ్ కూడా చూడండి. చిన్న సైజు కమోడ్, చేతికందే కుళాయి, సబ్బు. పిల్ల దాచుకుని దాచుకుని ఇంటికొచ్చి పోసుకుంటోందంటే అక్కడ అడగడానికి భయపడుతోందని అర్థం. యూరిన్ ఇన్‌ఫెక్షన్లతో వచ్చేవాళ్లలో ఇలాంటివి చాలా చూస్తున్నాను.

మబ్బుతునక:
అందరికీ థ్యాంక్స్, ఇన్ని రాస్తారని అనుకోలేదు. మీరు చెప్పినట్టే మామూలు రోజు వెళ్లాను. ప్లే వే బోర్డు చోట గదిలోకి రానివ్వలేదు, సీసీ కెమెరా ఉంది కదా మేడం, యాప్‌లో చూసుకోండి అన్నారు. బైరాగిపట్టెడ వైపు ఇంకొక చిన్నది దొరికింది, మామూలు ఇల్లే, ముందర వేపచెట్టు, కింద ఇసుక. నేను వెళ్లేసరికి టీచర్ కింద కూర్చుని ఒక బాబుతో పాత డబ్బాలు పేరుస్తోంది, నన్ను చూసి లేవలేదు, ఒక్క నిమిషం ఆగండి అని చెప్పి ఆ బాబు మాట పూర్తయ్యాకే వచ్చింది. అది నచ్చింది. పద్దెనిమిది మంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా, ఇద్దరూ మొదటినుంచీ ఉన్నవాళ్లే. చిక్కు ఏంటంటే పన్నెండున్నరకి వదిలేస్తారు, నేను వచ్చేది ఆరింటికి. మీ ఆఫీసులో క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) ఉంటుందా అని మా ఆయన్ని అడిగితే నవ్వారు.

కోర్టు_వీధి:
నవ్వాల్సిన పని లేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం మార్చారు, యాభై మందీ అంతకంటే ఎక్కువా పనిచేసే చోట క్రెష్ సదుపాయం తప్పనిసరి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. తల్లి అని రాశారు కాబట్టి మీ ఆయన కంపెనీ కంటే మీ ఆఫీసులోనే ముందు అడగండి. కాగితం మీద అడగండి, నోటితో కాదు.

గుడ్డు_పాలు_కథ:
పన్నెండున్నర అంటే తిట్టుకోవద్దమ్మా, ఆ వయసుకి మూడు నాలుగు గంటల కార్యక్రమం, తర్వాత నిద్ర, అదే పద్ధతి. సాయంత్రం దాకా స్కూల్లో కూర్చోబెట్టేదానికంటే ఇంటికొచ్చి మీ అత్తగారి పక్కన పడుకోవడం మేలు. నిద్రపోయే పిల్ల వెనక పరిగెత్తే పని లేదు కదా ఆమెకి.

మబ్బుతునక:
అదే అనుకుంటున్నాం అక్కా. తిన్నాక రెండు గంటలు పడుకుంటుంది, లేచాక ఇంకో రెండు గంటలు ఎట్లాగో. పక్క వీధిలో ఒకమ్మాయి డిగ్రీ చదువుతోంది, సాయంత్రం వచ్చి ఆడించి పోతానంది, డబ్బులిస్తాం. వామనగుంటల పీట కూడా అడిగారు అత్తమ్మ, గాంధీరోడ్డులో దొరుకుతుందేమో చూడాలి. మా ఆఫీసులో మేము అరవై మందికి పైనే, క్రెష్ గురించి సోమవారం హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడతాను. స్కూలు నుంచి ఇంటికి ఆటో మాట్లాడాలి, ఆ ఒక్కటే మిగిలింది.

సప్తగిరి_నాన్న:
ఆటోలో ఎంతమందిని ఎక్కిస్తాడో ముందే అడుగు చెల్లెమ్మా. మా వాడి ఆటోలో పన్నెండు మంది, ఇద్దరు డ్రైవర్ పక్కన. పక్కకి తలుపు లాంటి కడ్డీ ఉందో లేదో చూడు, ఆయా ఎక్కి వస్తుందేమో మాట్లాడు. మా వాడి ఆటో కూడా ఈ నెలాఖరుకి మారుస్తున్నా.